సైరన్ ఊళ్ల సంగీతం

పంక్, స్కా పాటలకు 1979ని మించిన ఏడాది ఇంకా రాలేదు. ఆ రికార్డులు పుట్టిన ఊళ్లకూ మా కాగజ్‌నగర్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది.

ఏడాది చివరికొచ్చేసరికి పాటల పిచ్చి ఉన్నవాళ్లంతా జాబితాలు వేసుకుంటారు. ఈ ఏటి మేటి ఆల్బం ఏది, దాని తర్వాత ఏది అని గంటలకొద్దీ వాదించుకుంటారు. నేనూ కొత్త రికార్డులు వింటాను. ఆస్ట్రేలియా బృందం ఆమిల్ అండ్ ద స్నిఫర్స్ 2024 అక్టోబరులో తెచ్చిన 'కార్టూన్ డార్క్‌నెస్' విన్నాను. లాస్ ఏంజెలెస్ ఆడపిల్లలు లిండా లిండాస్ అదే నెలలో తెచ్చిన 'నో ఆబ్లిగేషన్' కూడా విన్నాను. రెండూ గట్టి రికార్డులే. కానీ పంక్, స్కాల్లో 'ఏ ఏడాదివి నీకు ఇష్టం' అని ఎవరైనా అడిగితే నా నోట వచ్చేది ఒక్కటే: 1979.

ఆ ఏడాది బ్రిటన్‌లో వచ్చిన అరడజను రికార్డులు ఇప్పటికీ నా చెవిలో పాతబడలేదు. వాటిని చేసినవాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లలు. ఫ్యాక్టరీ కార్మికుల కొడుకులు, వలసొచ్చిన కుటుంబాల బిడ్డలు, చదువు మధ్యలో మానేసినవాళ్లు. 1979 మే 4న మార్గరెట్ థాచర్ ప్రధానమంత్రి అయింది. తర్వాత రెండేళ్లలో ఆ దేశంలో ఉద్యోగం లేనివాళ్ల సంఖ్య 25 లక్షలు దాటింది. ఆ గండం వస్తోందని ఆర్థికవేత్తల కంటే ముందు ఈ పిల్లలు పసిగట్టారు. అందుకే ఈ రికార్డులు నాకు పరాయి దేశపు పాటల్లా వినిపించవు.

మా ఊరి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు మార్గంలో, మహారాష్ట్ర సరిహద్దుకు కాస్త ఇవతల సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్ వస్తుంది. నిజాం కాలంలో 1938లో ఇక్కడ సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టారు. 1942లో కాగితం తీయడం మొదలైంది. మిల్లు చుట్టూ ఊరు పెరిగింది, ఊరికి మిల్లు సరుకే పేరైంది. పని కోసం బిహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒడిశా నుంచి, మహారాష్ట్ర నుంచి మనుషులొచ్చారు. పక్కనే నజ్రుల్‌నగర్‌లో బెంగాలీ శరణార్థులు స్థిరపడ్డారు. అడవి అంచున గోండు, కొలాం గూడేలు సరేసరి. ఒక్క సంతలో తిరిగితే తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, బెంగాలీ, గోండీ అన్నీ చెవిన పడతాయి. ఎనభైల్లో సర్‌సిల్క్ మిల్లు మూతపడింది. 2014లో పేపర్ మిల్లూ ఆగింది. 2018లో జేకే పేపర్ చేతుల్లోకి వెళ్లి మళ్లీ నడిచేదాకా, షిఫ్టు సైరన్ వినబడని ఆ నాలుగేళ్లు ఈ ఊరు ఎట్లా ఉండిందో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మూడు కార్డులు, ఒక ఎదురు దెబ్బ

పంక్ అంటే ముందు గుర్తొచ్చేది నిలబెట్టిన జుట్టు, చిరిగిన చొక్కా. అవి పైపై వేషాలు. అసలు సంగతి పని పద్ధతిలో ఉంది. డెబ్బైల మధ్యకల్లా రాక్ సంగీతం పెద్ద స్టేడియంలకు, ఖరీదైన స్టూడియోలకు, ఇరవై నిమిషాల గిటార్ విన్యాసాలకు చేరిపోయింది. మామూలు కుర్రవాడు దాన్ని చూసి చప్పట్లు కొట్టడమే తప్ప తాను చేయగలనని అనుకోలేడు. 1976లో న్యూయార్క్ నుంచి రామోన్స్ మొదటి ఆల్బం వచ్చి ఆ గోడను పడగొట్టింది. గిటార్ మీద మూడు కార్డులు, రెండు నిమిషాల పాట, ఊపిరి తీసుకోనివ్వని వేగం. లండన్‌లో సెక్స్ పిస్టల్స్ అంతకు ముందు ఏడాదే బయల్దేరారు, క్లాష్ ఈ ఏడాది. 1977 జనవరిలో మాంచెస్టర్ కుర్రాళ్లు బజ్‌కాక్స్ అప్పు తెచ్చుకున్న డబ్బుతో తమ చిన్న రికార్డును తామే అచ్చొత్తించి అమ్ముకున్నారు. కంపెనీ గుమ్మం ముందు నిలబడక్కర్లేదని అప్పుడు తేలిపోయింది.

పాటతో పాటు కాగితమూ నడిచింది. 1976 జులైలో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమస్తా 'స్నిఫిన్ గ్లూ' అనే పత్రిక మొదలుపెట్టాడు. టైపు చేసి, పైన స్కెచ్ పెన్నుతో రాసి, జెరాక్స్ తీసి, పిన్ను కొట్టి పంచేవాడు. అది చూసి ఊరూరా అలాంటి పత్రికలు పుట్టాయి. కాగితం తయారయ్యే ఊళ్లో పెరిగినవాణ్ని కాబట్టి పంక్ చరిత్రలో ఈ ముక్క నాకు మరీ ఇష్టం.

స్కా కథ ఇంకా పాతది. అది జమైకాది. 1962 ఆగస్టులో ఆ దేశానికి స్వాతంత్య్రం వచ్చింది. ఆ సంబరంలో, ఆ ఆశలో ఊపందుకున్న సంగీతం స్కా. అమెరికన్ రిథమ్ అండ్ బ్లూస్‌ను, జాజ్ బాకాలను, ఊరి మెంటో పాటలను కలిపి ప్రిన్స్ బస్టర్, 1964లో ఏర్పడిన స్కాటలైట్స్ వంటివాళ్లు దాన్ని నిలబెట్టారు. ఆ వాద్యకారుల్లో చాలామంది కింగ్‌స్టన్‌లో కాథలిక్ నన్స్ నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూల్‌లో బాకాలు నేర్చుకున్న పేద పిల్లలు. స్కా తాళంలో ఒక చిత్రం ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కాలితో లెక్క వేయండి. కాలు నేలను తాకినప్పుడు కాకుండా, పైకి లేచినప్పుడు గిటార్ పడుతుంది. ఆ ఎదురు దెబ్బకే ఒళ్లు దానంతటదే కదులుతుంది. తర్వాత ఆ వేగం తగ్గి రాక్‌స్టెడీ అయింది, ఇంకా తగ్గి రెగే అయింది. పని కోసం బ్రిటన్ వెళ్లిన జమైకన్లు తమ రికార్డులను సామానుతో పాటు తీసుకెళ్లారు. వాళ్ల పక్కింటి తెల్ల కార్మికుల పిల్లలు ఆ పాటలు విని పెరిగారు. ఆ పిల్లలు పెద్దవాళ్లై పంక్ వేగాన్ని స్కా తాళంతో కలిపారు.

ఊటీలో పుట్టినవాడు, కోవెంట్రీలో పాడినవాళ్లు

నా జాబితాలో మొదటి స్థానం 1979 అక్టోబరులో వచ్చిన 'ద స్పెషల్స్' ఆల్బంది. 'లండన్ కాలింగ్' కంటే పైన దీన్ని పెట్టడం చాలామందికి నచ్చదు. నేను మాత్రం మార్చను.

కోవెంట్రీ కార్ల ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు నేలమట్టమై, మళ్లీ కార్ల ఫ్యాక్టరీల మీద లేచిన ఊరు. జమైకా నుంచి, పంజాబ్ నుంచి జనం వచ్చి అక్కడ పనుల్లో కుదిరారు. ఆ ఊళ్లో స్పెషల్స్‌ను నిలబెట్టినవాడు జెర్రీ డామర్స్. అతను పుట్టింది మన దక్షిణాదిలోనే, 1955లో, ఊటీలో. తండ్రి చర్చి మతాధికారి. డామర్స్ చిన్నప్పుడే కుటుంబం ఇంగ్లాండు వెళ్లిపోయింది. బృందంలో నెవిల్ స్టేపుల్, లిన్‌వల్ గోల్డింగ్ జమైకాలో పుట్టినవాళ్లు. టెర్రీ హాల్, హొరేస్ పాంటర్, రాడీ రేడియేషన్, జాన్ బ్రాడ్‌బరీ తెల్లవాళ్లు. నల్లవాళ్ల మీద వీధుల్లో దాడులు జరుగుతున్న రోజుల్లో వేదిక మీద ఇలా కలిసి నిలబడటమే ఒక ప్రకటన. డామర్స్ 1979లో పెట్టిన లేబుల్ పేరు టూ టోన్. దాని గుర్తు నలుపు తెలుపు గళ్లు. ఆ గళ్ల మీద సూటు వేసుకుని నిలబడ్డ మనిషి బొమ్మను రెగే గాయకుడు పీటర్ టాష్ పాత ఫొటో చూసి గీశారు.

ఆల్బంకు నిర్మాత ఎల్విస్ కాస్టెల్లో. ఆయన చేసిన మంచి పని ఏంటంటే, వేదిక మీద వాళ్లు ఎలా వాయిస్తారో దాదాపు అలాగే రికార్డు చేసి వదిలేశాడు. నగిషీలు చెక్కలేదు. మొదటి పాట 'ఎ మెసేజ్ టు యూ రూడీ' 1967 నాటి డాండీ లివింగ్‌స్టన్ పాట. దానికి ట్రాంబోన్ వాయించింది రికో రోడ్రిగెజ్. ఆల్ఫా స్కూల్‌లో నేర్చుకుని, అరవైల ఆరంభంలోనే బ్రిటన్ వచ్చిన పెద్దాయన. కుర్రాళ్ల రికార్డు మీద ఆ పెద్దాయన ఊపిరి వినబడుతుంది. అప్పుగా తెచ్చుకున్న సంగీతాన్ని ఎవరి దగ్గర తెచ్చుకున్నారో వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకోవడం ఎంత మర్యాద! 'కాంక్రీట్ జంగిల్'లో రాత్రిపూట ఒంటరిగా నడిచే కుర్రవాడి భయం ఉంది. 'డజంట్ మేక్ ఇట్ ఆల్‌రైట్' జాత్యహంకారం మీద. అది అరవదు, ఇది తప్పు అని నిదానంగా చెబుతుంది. వీటన్నిటి మీద టెర్రీ హాల్ గొంతు. ఏ భావమూ పైకి చూపని, అలసిపోయిన గొంతు. చుట్టూ బాకాలు గంతులేస్తుంటే మధ్యలో ఆ గొంతు ఏడుపు ఆపుకున్నవాడిలా నిలబడి ఉంటుంది. ఆయన 2022 డిసెంబరులో పోయినప్పుడు ఇక్కడ నా ఇంట్లో ఆ రికార్డు రాత్రంతా మోగింది.

స్పెషల్స్ మరో పాట 1979ది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. 'ఘోస్ట్ టౌన్', 1981 జూన్‌లో వచ్చింది. ఊళ్లు మూతపడుతున్నాయి, పనుల్లేవు, యువకులు తమలో తాము కొట్టుకుంటున్నారు అనే పాట. ఆ జులైలో బ్రిటన్ నగరాల్లో అల్లర్లు చెలరేగుతుండగా అమ్మకాల పట్టికలో అదే మొదటి స్థానంలో ఉంది. మా మిల్లు ఆగిన రోజుల్లో ఒక సాయంత్రం ఈ పాట వింటుంటే, మిల్లులో పనిచేసి రిటైరైన మా బాపు వచ్చి కూర్చున్నాడు.

"ఏమంటుండురా వాడు?" అని అడిగాడు.

"ఊరు బందైంది, పనుల్లేవు అంటుండు బాపూ. కార్ల కంపెనీల ఊరు వాళ్లది."

బాపు కాసేపు విన్నాడు. "మరి యూనియన్ లేకుండెనా వాళ్లకు?"

ఎన్నో పుస్తకాల్లో ఈ పాట మీద వ్యాసాలు చదివాను. ఇంత సూటి ప్రశ్న వాటిల్లో దొరకలేదు. యూనియన్లు ఉన్నాయని, గట్టివేనని, అయినా ఫ్యాక్టరీలు నిలవలేదని చెప్పాను. ఆయన ఆ పాటను మళ్లీ పెట్టమన్నాడు.

టూ టోన్ నుంచే వచ్చిన ద సెలెక్టర్ ఆల్బం 'టూ మచ్ ప్రెషర్' 1980 ఫిబ్రవరిది, రెండు నెలల తేడాతో నా ఏడాదికి అందలేదు. కానీ దాని గాయని పాలిన్ బ్లాక్ పేరు చెప్పాలి. కోవెంట్రీ ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తూ పాటకొచ్చిన మనిషి ఆమె. సూటు, టోపీ పెట్టుకుని వేదికను ఏలింది. లండన్ కుర్రాళ్లు మ్యాడ్‌నెస్ 1979 అక్టోబరులోనే 'వన్ స్టెప్ బియాండ్' తెచ్చారు. సరదా రికార్డు, పెళ్లి బరాత్‌లో పెట్టినా పిల్లలు ఎగురుతారు. దాని లోతు అంతే.

చెక్‌పోస్టుల మధ్య పెరిగినవాళ్లు

ఉత్తర తెలంగాణవాళ్లు తప్పక వినాల్సిన రికార్డు ఇంకొకటి ఉంది. బెల్‌ఫాస్ట్ బృందం స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ 1979 ఫిబ్రవరిలో తెచ్చిన 'ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్'. ఉత్తర ఐర్లండ్‌లో అప్పటికి పదేళ్లుగా ఒకవైపు సాయుధ దళాలు, మరోవైపు బ్రిటిష్ సైన్యం. వీధి చివర సోదా, రాత్రి తలుపు చప్పుడు, సందు మలుపులో బాంబు. ఆ మధ్యలో పెరిగిన నలుగురు కుర్రాళ్లు ఇద్దరినీ నిలదీసిన రికార్డు ఇది. జేక్ బర్న్స్ గొంతు బొంగురు, పాట పాటకూ చీలిపోతున్నట్టు ఉంటుంది. బాబ్ మార్లే 'జానీ వాజ్' పాటను వాళ్లు ఎనిమిది నిమిషాలకు సాగదీసి, కింగ్‌స్టన్ వీధిలో చనిపోయిన కుర్రవాణ్ని బెల్‌ఫాస్ట్ వీధిలోకి తెచ్చారు. రఫ్ ట్రేడ్ అనే చిన్న దుకాణపు లేబుల్ దీన్ని విడుదల చేసింది. పెద్ద కంపెనీ అండ లేకుండా వచ్చి బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటి ఇరవైలో చేరిన మొదటి ఆల్బం ఇదే, 14వ స్థానం దాకా వెళ్లింది.

ఇదే కాలంలో మన దగ్గర ఏం జరుగుతోందో గుర్తు చేసుకోండి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర. వేలమంది రైతు కూలీలు రోడ్డెక్కారు. అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. పోలీసు క్యాంపులు, సోదాలు, మాయమైన యువకులు, పొద్దు గూకితే తలుపులు వేసుకున్న ఊళ్లు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆ తర్వాత ఇరవై ఏళ్లు పెరిగినవాళ్లెవరికైనా బెల్‌ఫాస్ట్ కుర్రాళ్ల గొంతులోని ఆ బొంగురు ఎక్కణ్నించి వచ్చిందో తెలుస్తుంది.

లండన్ బృందం ద రట్స్ అదే ఏడాది తెచ్చిన 'ది క్రాక్'లో 'జా వార్' అనే పాట ఉంది. 1979 ఏప్రిల్ 23న లండన్‌లో పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్‌లో నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ సభ పెట్టింది. స్థానికులు అడ్డుకున్నారు. పోలీసుల దాడిలో బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు చనిపోయాడు. రెగే బృందం మిస్టీ ఇన్ రూట్స్ మేనేజర్ క్లారెన్స్ బేకర్ తల పగిలి కోమాలోకి వెళ్లాడు. ఆ దెబ్బ మీదే ఈ పాట. తెల్ల పంక్ కుర్రాళ్లు, నల్ల రెగే కళాకారులు, పంజాబీ దుకాణదారులు ఒకే వీధిలో నిలబడ్డ రోజది. భారతీయులం బ్రిటిష్ పంక్ చరిత్రలో ప్రేక్షకులం కాదు, పాత్రధారులం అని చెప్పడానికి ఈ ఒక్క పాట చాలు.

ఆడపిల్లల బృందం ద స్లిట్స్ సెప్టెంబరులో తెచ్చిన 'కట్' నా జాబితాలో నాలుగోది. గాయని ఆరి అప్ బృందంలో చేరేనాటికి పద్నాలుగేళ్ల పిల్ల. బార్బడోస్‌లో పుట్టిన డెన్నిస్ బోవెల్ దీనికి నిర్మాత. గిటార్ తీగలు తెగినట్టు, మధ్యలో ఖాళీలు, ఆ ఖాళీల్లో రెగే బేస్. ఆడపిల్ల ఎలా ఉండాలో చెప్పే ప్రకటనలన్నిటినీ 'టిపికల్ గర్ల్స్'లో వరసపెట్టి ఉతికారు. మొదటిసారి వింటే తిక్కగా ఉంటుంది. మూడోసారికి వదలదు. లీడ్స్ నుంచి వచ్చిన గ్యాంగ్ ఆఫ్ ఫోర్ 'ఎంటర్‌టైన్‌మెంట్!' కూడా సెప్టెంబరుదే. తెలివైన రికార్డు. నేను దాన్ని గౌరవిస్తాను, స్పెషల్స్‌ను ప్రేమిస్తాను.

ఒక ఎల్పీ ధరకు రెండు

ఇక 'లండన్ కాలింగ్'. 1979 డిసెంబరు 14. క్లాష్ బృందంలో జో స్ట్రమర్, మిక్ జోన్స్, పాల్ సిమనన్, టాపర్ హెడన్. రెండు ఎల్పీలు, పంతొమ్మిది పాటలు. వాటిని ఒక ఎల్పీ ధరకే అమ్మాలని బృందం కంపెనీతో పట్టుబట్టి సాధించింది. నిరుద్యోగ కుర్రాడు కొనగలగాలి అన్నది వాళ్ల పట్టు. చివరి పాట 'ట్రెయిన్ ఇన్ వెయిన్' ఆఖరి నిమిషంలో చేరింది. అప్పటికే అట్టలు అచ్చయిపోవడంతో పాటల పట్టికలో దాని పేరు లేదు.

ముఖచిత్రం చూడనివాళ్లు తక్కువ. న్యూయార్క్ వేదిక మీద సిమనన్ తన బేస్ గిటార్‌ను నేలకేసి కొడుతున్న ఫొటో. తీసింది పెన్నీ స్మిత్. ఫోకస్ సరిగ్గా లేదు, వద్దు అని ఆమే అడ్డుచెప్పింది. స్ట్రమర్ వినలేదు. రే లౌరీ దానిపై ఎల్విస్ ప్రెస్లీ మొదటి ఆల్బం అట్టను గుర్తుచేసే గులాబీ, ఆకుపచ్చ అక్షరాలు వేశాడు.

లోపల ఏముంది? అణు ప్రమాదం భయం, థేమ్స్ వరద భయం, స్పెయిన్ అంతర్యుద్ధం, సూపర్‌మార్కెట్‌లో తప్పిపోయిన మనసు, బ్రిక్స్‌టన్ తుపాకులు. పంక్ ఒక్కటే కాదు, రాకబిల్లీ, జాజ్, రెగే, 'రూడీ కాంట్ ఫెయిల్', 'రాంగ్ ఎమ్ బోయో'ల్లో నికార్సైన స్కా. మూడు కార్డులతో మొదలైన కుర్రాళ్లు మూడేళ్లలో ఇంత నేర్చుకున్నారు. నేర్చుకున్నా కోపం పోగొట్టుకోలేదు. అమెరికాలో ఇది 1980 జనవరిలో విడుదలైంది కాబట్టి రోలింగ్ స్టోన్ పత్రిక దీన్ని ఎనభైల దశాబ్దపు అత్యుత్తమ ఆల్బంగా ఎంచింది. హైదరాబాద్‌లో చదువుకునే స్నేహితుడు కాపీ చేసిన క్యాసెట్‌గా ఇది నా చేతికొచ్చింది. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చిన ఆ క్యాసెట్ మీద పాటల పేర్లు లేవు. ఏ పాట ఏదో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ లోటు నా మనసులో ఇంకో సంగతితో ముడిపడి ఉంది.

మన 1979 ఎక్కడుంది?

అదే ఏడాది ప్రాంతంలో మన దగ్గరా గొప్ప పాట ఉప్పొంగింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నర్సింగరావు నిర్మాణంలో 'మా భూమి' సినిమా అప్పటిదే. అందులో గద్దర్ తెర మీద కనబడి పాడిన పాట బండి యాదగిరిది, తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాట. 1972లో మొదలైన జననాట్య మండలి అప్పటికి ఊరూరా తిరుగుతోంది. గొంగడి, కర్ర, కాలి గజ్జె, డప్పు, డోలక్. అవీ మూడు కార్డుల వాద్యాలే. సంగీత కళాశాల అక్కర్లేదు, కంపెనీ అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. ఒకడు పాడితే పదిమంది అందుకుంటారు.

మా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా దండేపల్లి మండలం లింగాపూర్‌లో 1955లో పుట్టిన గూడ అంజయ్య 'ఊరు మనదిరా' రాశాడు. ప్రభుత్వ ఉద్యోగంలో ఫార్మసిస్టుగా పనిచేస్తూ పాటలు కట్టిన మనిషి. ఆ పాట తెలియని ఊరు ఈ ప్రాంతంలో లేదు. రాసింది ఆయనేనని తెలియని ఊళ్లు మాత్రం చాలా ఉన్నాయి. గద్దర్ పాట అనుకునేవాళ్లున్నారు, ఎవరిదో తెలియని జానపదం అనుకునేవాళ్లున్నారు. 2016 జూన్‌లో అంజయ్య పోయినప్పుడు ఆ పేరు మొదటిసారి విన్న కుర్రాళ్లను నేను చూశాను.

1981 ఏప్రిల్‌లో రెండు సంగతులు జరిగాయి. 10 నుంచి 12 దాకా లండన్ బ్రిక్స్‌టన్‌లో అల్లర్లు. 20న మన ఇంద్రవెల్లిలో సభకొచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. బ్రిక్స్‌టన్ మీద ఎవరు ఏ పాట పాడారో, ఏ స్టూడియోలో, ఎవరు డ్రమ్స్ వాయించారో ఇవాళ ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చు. ఇంద్రవెల్లి మీద గూడేల్లో ఎవరెవరు ఏం పాడారో, తుడుం ఎవరు కొట్టారో, మొదట ఏ రాత్రి పాడారో రాసిపెట్టినవాళ్లు లేరు. మన పాటకు బలం తక్కువై కాదు. అప్పట్లో పాడినవాళ్లు పేరు చెప్పుకోవడానికి భయపడాల్సి వచ్చింది. పాట పుస్తకాలు దొరికితే కేసులయ్యేవి. క్యాసెట్లు చేతులు మారి, కాపీకి కాపీ అయి, గొంతులు అరిగి, అట్టలు పోయాయి.

స్పెషల్స్, క్లాష్‌లు గొప్పవాళ్లు కాబట్టే నిలిచారన్నది సగం నిజం. వాళ్లకు రికార్డు అట్ట ఉంది. అట్ట మీద పేర్లున్నాయి, తేదీ ఉంది, ఏ స్టూడియోనో ఉంది. ట్రాంబోన్ వాయించిన రికో పేరు కూడా ఉంది. అందుకే నలభై ఐదేళ్ల తర్వాత కాగజ్‌నగర్‌లో కూర్చున్న నేను ఆ వాద్యకారుడికి దండం పెట్టగలుగుతున్నాను. మన డప్పు కొట్టినవాళ్లకు ఆ దండం ఎవరు పెట్టాలి, ఏ పేరుతో పెట్టాలి?

ఈ పని చేసి చూపిస్తున్నవాళ్లు ఇప్పుడు మన దేశంలోనే ఉన్నారు. ఢిల్లీలో స్కా వెంజర్స్ అనే బృందం స్కా వాయిస్తుంది. దాని గాయకుడు తరు దాల్మియా, దాడిలో చేతులు, కాలు పోగొట్టుకున్న పంజాబ్ దళిత గాయకుడు బంత్ సింగ్ దగ్గరికి వెళ్లి, ఆయన గొంతును ఆయన పేరుతోనే రికార్డు చేశాడు. 2018 జనవరిలో చెన్నైలో దర్శకుడు పా.రంజిత్, సంగీతకారుడు టెన్మా నిలబెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ గానా పాటను, పఱై డప్పును రాక్, రాప్‌లతో కలిపి వేదికెక్కించింది. అంతకు ముందే 1998లో లండన్ ఆసియన్ల బృందం ఏషియన్ డబ్ ఫౌండేషన్ 'రాఫీస్ రివెంజ్' ఆల్బంలో 'నక్సలైట్' అనే పాట పెట్టింది. మన నేల మీద జరిగింది అంతదూరం వెళ్లి రికార్డయింది. ఆ నేల సొంత గొంతు ఇంకా సరిగా రికార్డు కావాల్సే ఉంది. మర్లవాయి కనకరాజుకు 2021లో గుస్సాడీ నాట్యానికి పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024 అక్టోబరులో పోయారు. దండారీ పండుగలో ఆయన వెనక గుమేల, పర్ర వాయించినవాళ్ల వాద్యాన్ని మంచి మైకులతో, పేర్లతో సహా ఎంతవరకు భద్రం చేశామో మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి.

ఈ సంగీతం కొత్తగా వినేవాళ్లకు ఒక మాట. 'ద స్పెషల్స్'తో మొదలుపెట్టండి, ఒళ్లు కదిలాక మిగతావి తేలిక. తర్వాత 'లండన్ కాలింగ్', ఆ తర్వాత 'ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్'. 'కట్'కు కాస్త ఓపిక కావాలి. ఇవన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. యాస అర్థం కాకపోతే సాహిత్యం పక్కన పెట్టుకుని వినండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల పాఠకులకు నా విన్నపం. మీ ఇంట్లో, మీ తమ్ముడి పెట్టెలో, యూనియన్ ఆఫీసు బీరువాలో పాత పాటల క్యాసెట్లు ఉంటే పారేయకండి. టేపు బూజు పట్టకముందే ఎవరిచేతనైనా కంప్యూటర్‌లోకి ఎక్కించండి. పాట ఎవరు కట్టారు, ఎవరు పాడారు, డప్పు ఎవరిది, ఏ ఊళ్లో, ఏ సంవత్సరంలో అన్నది పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి ఆ క్యాసెట్ పెట్టెలోనే ఉంచండి. చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ సంక్రాంతి సెలవుల్లోనే అడగండి.